శని మీద తుఫాను గురించి రాసే అమ్మాయికి

హనుమకొండ

బిడ్డా,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. శనిగ్రహం మీద లేచే తెల్ల తుఫాను గురించి రాయాలని నీకు అనిపించినందుకే సంతోషం. అయితే మొదటి పేజీలోనే ‘అద్భుతం’ ఐదుసార్లు వచ్చింది. తుఫాను ఎందుకు లేచిందో మాత్రం ఒక్క ముక్క లేదు.

చాలా ఏళ్ల కింద మా బావతో ఎనుమాముల మార్కెట్‌కు పోయాను. యార్డులో మిర్చి ఆరబోసి ఉంది. పొద్దటి నుంచి ఆకు కదల్లేదు, ఒకటే ఉక్క. నాలుగింటికి పడమట మబ్బు లేచింది, అడుగు నల్లగా, తల తెల్లగా. చల్లటి గాలి ఒక్క విసురు విసిరింది. అందరూ టార్పాలిన్ల కోసం ఉరికారు. మా బావ కప్పిన కవరు ఒక మూల ఎగురుతుంటే దాని మీద తానే కూర్చున్నాడు. వీపు మీద రాళ్లవాన పడుతున్నా లేవలేదు.

ఆ మబ్బు సంగతి నీ పాఠకులకు తెలుసు. నేల కాగింది, తేమగాలి తేలికై పైకి పోయింది. అక్కడి నుంచే మొదలుపెట్టు. కానీ శని మీద లెక్క తిరగబడుతుంది. అక్కడి గాలి దాదాపు అంతా హైడ్రోజన్, హీలియం. వాటి ముందు నీటి ఆవిరే బరువు. ఒక తుఫానులో తడి అంతా కిందికి కురిసిపోయాక, పైన మిగిలిన పొడిగాలి తేలికై మూతలా కూర్చుంటుంది. కింద తడిగాలి వేడిగా ఉన్నా లేవలేకపోతుంది. పై పొర అంతరిక్షంలోకి వేడి వదులుతూ ఏళ్ల తరబడి చల్లబడుతుంది. అది బరువెక్కి దిగిన రోజు, కిందిది తన్నుకొని పైకొస్తుంది. 2015లో శాస్త్రవేత్తలు ఇచ్చిన వివరణ ఇది.

1876, 1903, 1933, 1960, 1990, 2010. శని మీద తెల్ల తుఫాను లేచిన ఈ ఏళ్లను నువ్వు వరుసగా రాసి వదిలేశావు. వాటి మధ్య ఇరవై, ముప్పై ఏళ్లు ఆ మూత కింద ఏం జరుగుతోందో రాయి బిడ్డా, నాకు అదే కావాలి. 2010 డిసెంబరులో లేచిన తుఫానును కాసినీ అనే అంతరిక్ష నౌక దగ్గరుండి చూసింది. నెలల్లోనే అది గ్రహం చుట్టూ తిరిగొచ్చి తన తోకనే తాను తాకింది. దానికి ఒక పేరా ఇవ్వు.

ఇంకొకటి. బృహస్పతి ఎర్రమచ్చను బంగాళాఖాతం తుఫానుతో పోల్చావు. మన తుఫాను నడిమధ్య అల్పపీడనం, తీరం దాటితే నీరసిస్తుంది. ఎర్రమచ్చ అధికపీడనపు సుడి, దాని కింద దాటడానికి తీరమే లేదు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అందులో మూడు భూములు పట్టేవి, ఇప్పుడు భూమి కన్నా కాస్త పెద్దది, అంతే. పోలిక పెట్టు, తర్వాత అది ఎక్కడ సరిపోదో కూడా చెప్పు. అది చెప్పకపోతే పాఠకుడు సగం తప్పు నేర్చుకొని పోతాడు, ఆ పాపం మనదే.

శని ఉత్తర ధ్రువం మీది ఆరుభుజాల మేఘం గురించి రాసిన పేరాను ముట్టుకోకు. ఒక్కో భుజం 14,500 కిలోమీటర్లు అన్నావు, భూమి అడ్డకొలత కంటే ఎక్కువని పక్కనే చెప్పావు. చాలు.

ఈ ఏప్రిల్‌లో మధ్యాహ్నం పూట డాబా ఎక్కి భద్రకాళి చెరువు మీదుగా మబ్బు లేవడం చూడు. ఏ టైంకు ఎంత పెరిగిందో నోట్‌బుక్కులో రాసుకో. ఆదివారాలు నేను ఇంట్లోనే ఉంటాను, ఆ నోట్‌బుక్కు, తిరగరాసిన వ్యాసం రెండూ పట్టుకొని రా.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న