పట్టుపురుగు బొమ్మ వస్తే ఏం రాయాలి?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను స్టాఫ్ నర్సుని. ఇంగ్లండ్ వెళ్లాలని ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాశాను. మిగతా మూడింటిలో 7 వచ్చింది, రైటింగ్‌లో 5.5 దగ్గరే ఆగిపోయాను. రైటింగ్‌లో రెండు ప్రశ్నలుంటాయి, మొదటిదానికి ఇచ్చిన బొమ్మనో గ్రాఫునో మాటల్లో వివరించాలి, రెండోది వ్యాసం. గ్రాఫులు, పట్టికలు బాగా ప్రాక్టీస్ చేశాను. తీరా పరీక్షలో ఒక ప్రాణి జీవిత చక్రం బొమ్మ ఇచ్చారు. పెరిగింది, తగ్గింది అని రాయడానికి అందులో అంకెలే లేవు. టెన్షన్‌తో చాలాసేపు బొమ్మనే చూస్తూ ఉండిపోయాను. మళ్లీ రాయబోతున్నాను. ఇలాంటిది వస్తే ఎక్కడ మొదలుపెట్టాలి? సైన్సు పాఠాలు తిరగెయ్యాలా?
– ఒక సోదరి, తిరుపతి

జవాబు: సైన్సు పాఠాలు వద్దమ్మా. నేను దెబ్బతిన్నది అక్కడే. మాది హిందూపురం దగ్గర పల్లె. ఇంట్లో పట్టుపురుగులు పెంచేవాళ్లం. పురుగు కుబుసం విడిచే ముందు ఆకు ముట్టదు, తల పైకెత్తి కదలకుండా ఉండిపోతుంది. మా వైపు దాన్ని జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటితే గానీ గూడు కట్టదు. నేను చేరిన కోచింగ్ సెంటర్‌లో మొదటి మోడల్ పరీక్షకే పట్టుపురుగు బొమ్మ వచ్చింది. ఇది నా ఇంటి సంగతే కదా అని జ్వరాలు, సున్నం చల్లడం, పురుగుల్ని చంద్రికల (గూడు కట్టే తట్టల) మీదికి ఎక్కించడం అన్నీ రాసేశాను. రెండో వ్యాసానికి టైమ్ మిగల్లేదు. మా సార్ సగం పేరాలు కొట్టేసి, ‘ఇవి బొమ్మలో ఎక్కడున్నాయో చూపించమ్మా’ అన్నారు. చూపించలేకపోయాను.

బొమ్మలో ఉన్నదే రాయాలి, ముఖ్యమైనది వదలకూడదు. మీకిది కొత్త పని కాదు. డ్యూటీ మారేటప్పుడు మీరు ఇచ్చే హ్యాండోవర్ కూడా ఇంతే కదా. పేషెంట్‌కి ఎప్పుడు ఏం జరిగిందో చెప్తారు, అలా ఎందుకయిందో మీ ఊహ కలపరు.

ఇప్పుడు ఆ పట్టుపురుగు బొమ్మనే తీసుకుందాం. గుండ్రంగా బాణాలు ఉన్నాయి. గుడ్డు, పది రోజులకు పురుగు, నెల రోజులు మల్బరీ ఆకు మేత, మూడు రోజుల్లో గూడు, ఆ తర్వాత గూడు చీల్చుకుని బయటికొచ్చే పట్టుచిలుక. పెన్ను పట్టే ముందు రెండు నిమిషాలు బాణాల వెంట వేలు పెట్టి నడవండి. ఎన్ని దశలున్నాయి? ఎక్కడ మొదలై ఎక్కడికి చేరుతోంది? ఎక్కువ రోజులు పట్టేది ఏది? ఈ మూడింటి జవాబులే మీ ఓవర్‌వ్యూ, అంటే బొమ్మ మొత్తం సారాంశం. నాలుగు దశలు, గుడ్డుతో మొదలై మళ్లీ గుడ్డు దగ్గరికే రావడం, అన్నిటికన్నా ఎక్కువ కాలం పురుగు దశ. రెండు వాక్యాలు చాలు, కానీ అవి లేకపోతే మంచి బ్యాండ్ (స్కోరు) రాదు. 5.5 దగ్గర ఆగిపోయిన చాలామంది పేపర్లలో నేను చూసేది ఇదే. వివరాలన్నీ ఉంటాయి, ఓవర్‌వ్యూ ఉండదు.

తర్వాత క్రియల సంగతి. ప్రాసెస్ (దశలవారీగా జరిగే పని) బొమ్మ అంటే అంతా పాసివ్‌లో రాయాలని చాలాచోట్ల బట్టీ పట్టిస్తారు. అది నమ్మకండి. ఆ పని ఎవరు చేస్తున్నారో చూడండి. గూడు అల్లేది పురుగు, దాన్నెవరూ అల్లించరు. అందుకే ‘ద లార్వా స్పిన్స్ ఎ కకూన్’. గుడ్లు వాటంతటవే పగిలి పురుగులు బయటికొస్తాయి, ‘ద ఎగ్స్ హాచ్’. అదే బొమ్మ రెండో సగంలో గూళ్లను ఉడకబెట్టి దారం తీయడం ఉందనుకోండి, అది మనుషుల పని. ఆ మనుషులెవరో మనకు అక్కర్లేదు కాబట్టి ‘ద కకూన్స్ ఆర్ బాయిల్డ్’. ప్రకృతి చేసేది ఒక రకం, మనిషి చేసేది ఇంకో రకం. అన్నీ ఎప్పుడూ జరిగేవే కాబట్టి సింపుల్ ప్రెజెంట్ వదిలి పోకండి.

‘దెన్, దెన్, ఆఫ్టర్ దట్’ అని ప్రతి వాక్యం మొదలుపెట్టే అలవాటుకు మన తెలుగులోనే మందు ఉంది. ‘పురుగు ఆకు తింటుంది. తర్వాత గూడు కడుతుంది’ అని మా అమ్మ ఎప్పుడూ అనలేదు. ‘నెల రోజులు ఆకు తిని గూడు కడుతుంది’ అనేది. ఆ ‘తిని’ని ఇంగ్లిష్‌లో పెట్టండి: ‘హావింగ్ ఫెడ్ ఆన్ మల్బరీ లీవ్స్ ఫర్ ఎ మంత్, ద లార్వా స్పిన్స్ ఎ కకూన్’. రెండు పనులు ఒక వాక్యంలో ఇమిడిపోయాయి. ఇలాంటివి ఒకటో రెండో ఉంటే చాలు, అన్ని వాక్యాలూ ఇలాగే రాస్తే చదివేవాళ్లకు విసుగు. బొమ్మలో ‘ఇవాపరేషన్’ లాంటి నామవాచకం కనిపిస్తే క్రియ చేసి వాడండి, ‘వాటర్ ఇవాపరేట్స్’ అని.

150 మాటలకు తగ్గకూడదు, 180 దాటే అవసరం సాధారణంగా రాదు. 20 నిమిషాలకు పెన్ను ఆపెయ్యండి. రెండో వ్యాసానికి దీనికి రెట్టింపు విలువ. ‘ఈ ప్రక్రియ రైతులకెంతో ఉపయోగకరం’ లాంటి ముగింపులు వద్దు, ఇక్కడ మీ అభిప్రాయం ఎవరూ అడగలేదు. నర్సుగా రిజిస్టర్ చేసుకోవడానికి బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ రైటింగ్‌లో అడిగేది 6.5. మీరు దానికి ఒక్క బ్యాండ్ దూరంలోనే ఉన్నారు.

ఈ వారం ఒక పని చెయ్యండి. నీటి చక్రం బొమ్మ ముందు పెట్టుకుని, ఇంట్లో ఎవరికైనా ఫోన్ చేసి దాన్ని తెలుగులో చెప్పండి. వాళ్లు విని కాగితం మీద గీయాలి. గీసింది మీకు వాట్సాప్‌లో పంపమనండి. ఏ బాణం తప్పిపోయిందో, ఏది తలకిందులైందో చూసుకుని, అప్పుడు ఇంగ్లిష్‌లో రాయండి. రాసింది, వాళ్ల బొమ్మ, రెండూ ఈ శీర్షికకు పంపితే నేను దిద్ది పంపుతాను.