స్థాపించాలా, బిగించాలా? ఒక మాడ్యూలు సూచనల పత్రంపై సందేహం

సందేహం: నేను ఒక కర్మాగారంలో విద్యుత్ నిర్వహణ విభాగంలో పనిచేస్తున్నాను. పీఎల్‌సీకి (యంత్రాలను ప్రోగ్రాము ప్రకారం నడిపించే నియంత్రణ పరికరానికి) జతచేసే అనలాగ్ వోల్టేజ్ అవుట్‌పుట్ మాడ్యూల్ సూచనల పత్రాన్ని మా పనివారి కోసం తెలుగులోకి తెచ్చే పని నాకు అప్పగించారు. ‘సాదృశ్య విభవాంతర నిర్గమ ఘటకమును స్థాపించి ప్రచాలనము చేయవలెను’ అని మొదట రాశాను. చదివినవారికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. ‘అనలాగ్ వోల్టేజ్ అవుట్‌పుట్ మాడ్యూల్‌ను ఇన్‌స్టాల్ చేసి ఆపరేట్ చేయండి’ అని మార్చాను. అర్థమైందన్నారు గాని, అందులో తెలుగు ఏముందని నాకే బాధగా ఉంది. ఈ రెండింటిలో ఏది సరైనది?

సమాధానం: రెండూ కావు. మొదటి వాక్యంలో మీరు మార్చనక్కరలేని పేర్లను మార్చారు, రెండో వాక్యంలో మార్చవలసిన క్రియలను మార్చకుండా వదిలేశారు. పత్రం చదివే మనిషి ప్యానెల్ తలుపు తెరిచి, చేతిలో స్క్రూడ్రైవరుతో నిలబడి ఉంటాడు. అతడికి వస్తువు పేరు ముందే తెలుసు. ఆ వస్తువును ఏమి చేయాలో, ఎప్పుడు చేయాలో, ఏమి చేయకూడదో మాత్రమే మన వాక్యం చెప్పాలి. కనుక మీ శ్రమలో ఎక్కువ భాగం క్రియల మీద పెట్టండి.

ముందుగా పేర్ల సంగతి చూద్దాం. ‘విభవాంతరం’ మన భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలలో స్థిరపడిన మంచి మాటే. అయితే అది రెండు బిందువుల మధ్య ఉన్న భేదాన్ని నిర్వచించే సందర్భానికి చెందిన మాట. ‘ఈ పూట వోల్టేజి తక్కువగా ఉంది’ అని ఊళ్లో రైతు కూడా అనే చోట దానిని తెచ్చిపెడితే, తెలిసిన మాట తీసేసి తెలియని మాట పెట్టినట్టవుతుంది. ‘సాదృశ్యం’తో చిక్కు ఇంకా పెద్దది. జీవశాస్త్రంలో ఇదే ఆంగ్ల పదానికి ‘క్రియాసామ్య’ అని వాడుతున్నాం, ఎందుకంటే అక్కడ పోలిక పనిలో ఉంది. ఇక్కడ చదివేవాడు గ్రహించవలసింది పోలిక కాదు, విలువ తెంపు లేకుండా మారుతుందన్న సంగతి. స్విచ్చు వేస్తే దీపం వెలుగుతుంది, తీస్తే ఆరుతుంది, మధ్య స్థితి లేదు. కొళాయిని ఎంత తిప్పితే అంత నీరు వస్తుంది. అనలాగ్ అవుట్‌పుట్ ఈ రెండో తరహాది. పత్రం మొదట్లో ఈ మాట ఒక వాక్యంలో చెప్పి, ఆ తరువాత ‘అనలాగ్’ అనే వాడండి. మాడ్యూలు మీద అచ్చయి ఉన్న పేరూ అదే, కొట్టులో అడిగి తెచ్చుకునే పేరూ అదే.

అరువు తెచ్చుకున్నంత మాత్రాన ఆ మాటలు తెలుగు కాకుండా పోవు, వాటిని తెలుగు వ్యాకరణంలో నడిపిస్తే చాలు. మన నామాలు అచ్చుతో ముగియడానికి ఇష్టపడతాయి గనుక ‘మాడ్యూలు’, ‘వోల్టు’, ‘వోల్టేజి’ అని రాయవచ్చు. కాలు–కాళ్లు, వేలు–వేళ్లు అయినట్టే మాడ్యూలు–మాడ్యూళ్లు, టెర్మినల్–టెర్మినళ్లు, కేబుల్–కేబుళ్లు అవుతాయి. ‘మాడ్యూల్స్‌లు’ అని ఆంగ్ల బహువచనం మీద మన బహువచనాన్ని ఎక్కించడం, ‘10 వోల్ట్స్ వస్తుంది’ అని రాయడం తప్పు. ‘10 వోల్టులు వస్తాయి’ అనాలి. ‘వోల్టు’ అనకూడదు, ‘ఓల్టు’ అనాలి అని కొందరు పట్టుబడతారు. వు, వూ, వొ, వోలు తెలుగు మాటల మొదట ఉండవని చిన్నయసూరి చెప్పిన సూత్రం వారి ఆధారం. అయితే సూరి చెప్పినది తెలుగు మాటలను గురించి. ఇది 1800లో విద్యుద్ఘటాన్ని నిర్మించిన ఇటలీ శాస్త్రవేత్త అలెస్సాండ్రో వోల్టా పేరు మీద వచ్చిన మాట, కనుక ఆ వకారాన్ని ఉంచడమే ఉచితం.

ఇక క్రియలకు వద్దాం. ఆంగ్లంలో ‘ఇన్‌స్టాల్’ అన్న ఒక్క మాట చేసే పనికి తెలుగులో ఎన్నో మాటలు ఉన్నాయి. సంస్థను స్థాపిస్తాం, విగ్రహాన్ని ప్రతిష్ఠిస్తాం, కర్మాగారాన్ని నెలకొల్పుతాం, స్తంభాన్ని పాతుతాం, పటాన్ని తగిలిస్తాం, ఫ్యానునూ మీటరునూ బిగిస్తాం, ఫోనులోకి యాప్‌ను ఎక్కిస్తాం. ఇన్ని మాటలు ఉండటం భాషకు బలమే గాని లోపం కాదు. ఏ పనికి ఆ క్రియ ఉన్నప్పుడు చదివేవాడికి చేయి ఎలా కదలాలో కూడా తెలుస్తుంది. మీ మాడ్యూలు విషయంలో ‘ఇన్‌స్టాల్’ అన్న మాట కింద కనీసం నాలుగు పనులు దాగి ఉన్నాయి. మాడ్యూలును 35 మిల్లీమీటర్ల డిన్ రైలుకు (ప్యానెల్‌లో పరికరాలు తగిలించే లోహపు పట్టీకి) తగిలించాలి, స్క్రూ ఉంటే బిగించాలి, తీగలు కలపాలి, ప్రోగ్రాములో దాని అవుట్‌పుట్ పరిధిని ఎంచుకోవాలి. ‘స్థాపించి’ అంటే ఈ నాలుగూ ఒక మబ్బులో కలిసిపోతాయి, ‘ఇన్‌స్టాల్ చేసి’ అన్నా అంతే. విడివిడిగా రాయండి. శీర్షికగా ఒక్క మాట కావాలంటే ‘అమర్చడం’ సరిపోతుంది.

‘ఆపరేట్’ సంగతి వేరు. తెలుగులో ‘ఆపరేషన్’ అనగానే ఆసుపత్రి గుర్తుకు వస్తుంది. ‘నడపడం’ అందామా అంటే, బస్సును నడుపుతాం, మిల్లును నడుపుతాం, కాని ఈ మాడ్యూలుకు పట్టుకుని నడపడానికి పిడి లేదు. ప్రోగ్రాము ఒక సంఖ్యను పంపుతుంది, మాడ్యూలు ఆ సంఖ్యకు తగిన వోల్టేజి ఇస్తుంది. అందుచేత ఆ భాగానికి ‘మాడ్యూలు ఎలా పనిచేస్తుంది’ అని పేరు పెట్టి, పనితీరును లెక్కతో చూపండి. సీమెన్స్ ఎస్7 వరుసలో 0 నుంచి 10 వోల్టుల పరిధికి 0 నుంచి 27648 వరకు సంఖ్యలు వాడతారు. మోటారు వేగాన్ని మార్చే పరికరాన్ని డ్రైవు అంటాం గదా, ‘13824 పంపితే 5 వోల్టులు వస్తాయి, 0–10 వోల్టులకు 0–50 హెర్ట్జులుగా సెట్ చేసిన డ్రైవు అప్పుడు మోటారును 25 హెర్ట్జుల వద్ద తిప్పుతుంది’ అని రాస్తే ఏ పారిభాషిక పదమూ అక్కరలేకుండా విషయం తెలిసిపోతుంది. అవుట్‌పుట్ ఎంత చిన్న మార్పు చూపగలదో చెప్పే ‘రిజల్యూషన్’ను ‘స్పష్టత’ అనకండి, ఇక్కడ మసకకు తావు లేదు. ‘మెట్టు’ అన్న మన మాట చక్కగా సరిపోతుంది. 12 బిట్ల మాడ్యూలు 10 వోల్టుల పరిధిని 4096 మెట్లుగా విడగొడుతుంది, ఒక్కొక్క మెట్టు సుమారు 2.44 మిల్లీవోల్టులు.

ఇప్పుడు మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి, నా దృష్టిలో అదే అన్నిటికంటె ముఖ్యం. తెలిసిన మాటే ఒక్కోసారి ప్రమాదం తెస్తుంది. ‘కరెంటు’ అన్న మాటనే చూడండి. మన వాడుకలో అది విద్యుత్తుకు మారుపేరు. ‘కరెంటు పోయింది’, ‘కరెంటు తీసేయండి’ అంటాం. మీ పత్రంలో అదే మాట మిల్లీఆంపియర్లలో కొలిచే ప్రవాహానికి కూడా వస్తుంది, ఎందుకంటే చాలా మాడ్యూళ్లలో వోల్టేజి అవుట్‌పుట్‌తో పాటు 4–20 మిల్లీఆంపియర్ల కరెంటు అవుట్‌పుట్ కూడా ఉంటుంది, కొన్నిటిలో వాటి టెర్మినళ్లు వేరుగా ఉంటాయి. ‘కరెంటు టెర్మినల్ తీసేయండి’ అని రాస్తే ఒకడు సరఫరా తీగను విప్పుతాడు, ఇంకొకడు అవుట్‌పుట్ తీగను విప్పుతాడు. కనుక ప్యానెల్‌కు వచ్చే విద్యుత్తును పత్రమంతటా ‘సరఫరా’ అనండి, ‘కరెంటు’ను ప్రవాహానికి మాత్రమే కేటాయించండి. ఈ నియమాన్ని మొదటి పేజీలోనే చెప్పి, ఎక్కడా తప్పకండి.

‘లోడు’ కూడా ఇలాంటిదే. వోల్టేజి అవుట్‌పుట్‌కు కలిపే పరికరం నిరోధం ఒక హద్దు కంటె తగ్గకూడదు. చాలా మాడ్యూళ్లకు ఆ హద్దు 1000 ఓములు, అప్పుడు 10 వోల్టుల వద్ద 10 మిల్లీఆంపియర్లు ప్రవహిస్తాయి. నిరోధం ఇంకా తగ్గితే మాడ్యూలు ఇవ్వవలసిన కరెంటు పెరుగుతుంది, అంటే దాని మీద భారం పెరుగుతుంది. లారీ లోడుకు అలవాటు పడిన మన చెవికి లోడు అంటే భారమే గనుక ‘లోడు 1000 కంటె తగ్గకూడదు’ అన్న వాక్యం తలకిందులుగా వినిపిస్తుంది, అనువాదకుడు అచ్చుతప్పనుకుని ‘మించకూడదు’ అని దిద్దే ప్రమాదం కూడా ఉంది. కరెంటు అవుట్‌పుట్‌కు నిజంగానే హద్దు పైవైపు ఉంటుంది గనుక ఆ పొరపాటు ఇంకా సులభం. ‘లోడు నిరోధం 1000 ఓములు గాని అంతకంటె ఎక్కువ గాని ఉండాలి’ అని నిరోధం అన్న మాట విడవకుండా రాయండి.

‘ఛానెల్’ అన్న మాటకు మీ ప్యానెల్‌లోనే మూడు అర్థాలు ఉండవచ్చు. మాడ్యూళ్లు తగిలించే రైలునూ ఛానెల్ అంటారు, తీగలు పరిచే ప్లాస్టిక్ తొట్టినీ ఛానెల్ అంటారు, అవుట్‌పుట్ మార్గమూ ఛానెలే. పైగా కొన్ని మాడ్యూళ్లలో మార్గాల లెక్క 0 నుంచి మొదలవుతుంది. అక్కడ ‘మొదటి ఛానెల్’ అంటే 0 అంకె ఉన్నదా, 1 అంకె ఉన్నదా? మన ‘–వ’ ప్రత్యయం ఒకటి నుంచి లెక్కపెట్టే అలవాటుకు పుట్టినది, సున్నాకు అతకదు. మాడ్యూలు మీద ఉన్నట్టే ‘అవుట్‌పుట్ ఛానెల్ 0’ అని రాయడం మేలు.

హెచ్చరికలలో ‘చేయరాదు’ అన్న రూపాన్ని మానమని నా ప్రార్థన. గ్రంథ భాషలో అది నిషేధమే. కాని నోటి వాడుకలో ‘కూర్చోరాదూ’, ‘చెప్పరాదూ’ అంటే కూర్చోవచ్చు కదా, చెప్పవచ్చు కదా అని కోరడం. తెలంగాణ పలుకుబడిలో ఇది మరీ సహజం. పక్కవాడు చదివి వినిపించినప్పుడు ‘తీయరాదు’ అన్న మాట ఏ అర్థంలో చెవిన పడుతుందో మన చేతిలో లేదు. ‘తీయకూడదు’కు ఆ చిక్కు లేదు. అలాగే ‘సరఫరా ఆపకుండా తీయకూడదు’ అన్న వాక్యంలో రెండు నిషేధాలు ఉన్నాయి, హడావుడిలో ఉన్న మనిషి మనసు వాటిలో ఒకదానిని జారవిడుస్తుంది. ‘సరఫరా ఆపిన తరువాతే తీయాలి’ అనండి. ఆ చిన్న ఏకారంలో హెచ్చరిక అంతా ఉంది. ‘బిగించబడవలెను’, ‘కలపబడును’ వంటి కర్మణి రూపాలు ఎవరు చేయాలో చెప్పవు గనుక వాటినీ వదలండి.

తెలుగులో కర్తను విడిచిపెట్టే సౌలభ్యం ఉంది. మాట్లాడేటప్పుడు అది అందమే, ఇక్కడ మాత్రం పనికిరాదు. ‘ఆగిపోతే చివరి విలువ ఉంటుంది’ అని మీరు పంపిన నకలులో ఉంది. ఏది ఆగిపోతే? పీఎల్‌సీ ఆగినా, అవుట్‌పుట్ సున్నాకు రాకుండా చివరి వోల్టేజి దగ్గరే నిలిచి ఉండేలా కొన్ని మాడ్యూళ్లను అమర్చవచ్చు. అప్పుడు డ్రైవు మోటారును తిప్పుతూనే ఉంటుంది. ఆ వాక్యాన్ని చదివినవాడు మోటారు ఆగిందనుకుంటే చేయి పోతుంది. ‘పీఎల్‌సీ ఆగిపోయినా మాడ్యూలు చివరిగా ఇచ్చిన వోల్టేజినే ఇస్తూ ఉండవచ్చు, మోటారు తిరుగుతూనే ఉండవచ్చు’ అని రెండు కర్తలనూ పేరు పెట్టి చెప్పండి.

మీ మొదటి పేజీని నేను రాస్తే ఇలా రాస్తాను:

‘ప్యానెల్‌కు వచ్చే సరఫరా ఆపి, ఆగిందని మీటరుతో చూసిన తరువాతే పని మొదలుపెట్టాలి. మాడ్యూలును డిన్ రైలుకు తగిలించి, కదలకుండా బిగించాలి. మాడ్యూలు నుంచి డ్రైవుకు వెళ్లే రెండు తీగలకు, మెలితిప్పిన, షీల్డు ఉన్న కేబుల్ వాడాలి. ఈ కేబుల్‌ను మోటారు కేబుళ్లతో కలిపి పరచకూడదు. వోల్టేజి అవుట్‌పుట్ తీగను డ్రైవు వోల్టేజి ఇన్‌పుట్‌కు, 0 వోల్టు తీగను డ్రైవు 0 వోల్టు టెర్మినల్‌కు కలపాలి. షీల్డును తయారీదారు చెప్పిన చోట ఎర్తుకు కలపాలి. ప్రోగ్రాములో ఆ ఛానెల్‌కు 0–10 వోల్టుల పరిధిని ఎంచుకోవాలి. మొదటిసారి సరఫరా ఇచ్చేటప్పుడు డ్రైవు మోటారును తిప్పకుండా ఆపి ఉంచి, ప్రోగ్రాము నుంచి సగం విలువ పంపి, టెర్మినళ్ల వద్ద 5 వోల్టులు వస్తున్నాయో లేదో మీటరుతో చూడాలి.’

ఇందులో ‘షీల్డు’ను ‘కవచం’ అనవచ్చునేమో అని మీకు అనిపించవచ్చు. కవచం అంటే కేబుల్ పైనున్న ప్లాస్టిక్ తొడుగు అనుకునేవారు ఉంటారు గనుక ఉంచలేదు. మొదటిసారి వచ్చినప్పుడు ‘షీల్డు, అంటే తీగల చుట్టూ ఉండే లోహపు అల్లిక లేదా రేకు’ అని ఒక వివరణ చేర్చండి.