డాక్ కొనే ముందు పోర్టు చూడు

అల్లుడా,

రెండు మానిటర్లు తెచ్చుకున్నవట, ఇగ డాక్ (ఒక్క టైప్-సి తీగతోని లాప్‌టాప్‌కు మానిటర్లు, మౌస్, నెట్, చార్జింగ్ అన్నీ కలిపే డబ్బా) ఒక్కటి కొంటే పనైపోతదంటున్నవు. చూసి కొంటే ఒక్క పూటల అయిపోతది. చూడకుండ కొంటే నల్లగొండ నుంచి సికింద్రాబాద్ పార్క్‌లేన్ దాక పోయి, చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కి దిగి తెచ్చిన డబ్బాను మళ్ల వంద కిలోమీటర్లు మోసుకపోయి వాపసు ఇయ్యాలె. ఆన్‌లైన్ల తెప్పిస్తే ఆ తిప్పట ఉండదు గాని, వాపసు గొడవ ఉండనే ఉంటది. అందుకే పైసలు తీసే ముందు లాప్‌టాప్ తీయి.

బాయిల ఉంటేనే బొక్కెనలకు వస్తది. డాక్ తనంతట తాను బొమ్మ పుట్టియ్యదు. లాప్‌టాప్‌ల ఉన్న గ్రాఫిక్స్ చిప్ ఇచ్చిన బొమ్మను టైప్-సి పోర్టు నుంచి తీసుకొని రెండు మానిటర్లకు పంచుతది, అంతే. ఆ పోర్టుకు బొమ్మ పంపే సత్తా లేకపోతే 30 వేల మామూలు డాక్ పెట్టినా మానిటర్ మీద 'నో సిగ్నల్' అనే వస్తది. టైప్-సి అన్నది రంధ్రం ఆకారానికి పెట్టిన పేరు. లోపల ఏం పారుతదో ఆ పేరు చెప్పదు. దుకాణపాయన 'టైప్-సి ఉంటే చాలు సార్' అంటడు. చాలదు.

లాప్‌టాప్‌ను పక్కకు తిప్పి, ఫోన్ టార్చ్ కొట్టి ఆ పోర్టు పక్కన ఏం గుర్తు అచ్చేసి ఉందో చూడు. కొస బాణంలెక్క ఉన్న మెరుపు గుర్తుంటే అది థండర్‌బోల్ట్ (బొమ్మ, డేటా, కరెంటు మూడూ మోసే వేగమైన పోర్టు), ఇగ ఆలోచన అవసరం లేదు. అదే మెరుపు బ్యాటరీ బొమ్మ లోపల ఉంటే అది చార్జింగ్ గుర్తు, మోసపోకు. డీ అక్షరంల పీ ఇమిడినట్టు ఉంటే డిస్‌ప్లేపోర్ట్ (మానిటర్‌కు బొమ్మ పంపే పద్ధతి) గుర్తు, బొమ్మ వస్తది. ఉత్త 'ఎస్ఎస్' అని, పక్కన 5 గాని 10 గాని ఉంటే అది డేటా వేగం మాత్రమే చెప్తది, బొమ్మ సంగతి తేలదు. ఏ గుర్తూ లేకపోతే లాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీద ఉన్న పూర్తి మోడల్ నంబర్ తీసుకొని కంపెనీ సైట్ల స్పెసిఫికేషన్ పేజీ తెరువు. 'డిస్‌ప్లేపోర్ట్ ఆల్టర్నేట్ మోడ్', 'పవర్ డెలివరీ' అనే రెండు మాటలు ఆ పోర్టు ఎదురుంగ ఉండాలె; మొదటిది బొమ్మకు, రెండోది చార్జింగ్‌కు. సిరీస్ పేరు చూసి సరిపెట్టుకోకు. ఒకే సిరీస్‌ల ఒక మోడల్‌కు ఉంటది, తక్కువ ధర మోడల్‌కు ఉండదు. ఎవరి దగ్గరన్న చిన్న టైప్-సి నుంచి హెచ్‌డీఎంఐ అడాప్టర్ ఉంటే ఒక్క గంట అడిగి తెచ్చి ఒక మానిటర్ పెట్టి చూడు. బొమ్మ వచ్చిందంటే సగం డౌటు తీరినట్టే.

మిగిలిన సగం, ఎంత బొమ్మ పడుతదన్నది. టైప్-సి కేబుల్ లోపల వేగంగ డేటా పారే దారులు నాలుగు. సాగర్ ఎడమ కాల్వకు నాలుగు తూములున్నయనుకో. మామూలు డాక్ రెండు తూములు బొమ్మకు వదిలి, రెండు మౌస్, పెన్‌డ్రైవ్, నెట్ కేబుల్ లాంటి యూఎస్‌బీ పనులకు ఉంచుతది. పాత డిస్‌ప్లేపోర్ట్ 1.2 లెక్కన ఆ రెండు తూములల్ల సెకనుకు 8.64 గిగాబిట్ల బొమ్మ పారుతది. 1080పీ (తెర మీద 1080 అడ్డ వరుసల చుక్కలున్న) మానిటర్ ఒక్కటి 60 హెర్ట్జ్ మీద, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మారేటట్టు, నడవాలంటే దగ్గరదగ్గర 3.3 గిగాబిట్లు కావాలె. రెండింటికి 6.6. సాఫీగ పోతది. నీవి 24 ఇంచుల 1080పీ మానిటర్లు కాబట్టి నీకు బాధ లేదు. రేపు 1440పీ మానిటర్లు కొంటే ఒక్కోదానికి 5.8 దాక కావాలె, రెండు కలిస్తే 11.6, పాత లెక్కల పట్టదు. డిస్‌ప్లేపోర్ట్ 1.4 ఉన్న లాప్‌టాప్, డాక్ రెండూ ఉంటే అవే రెండు తూములల్ల 12.96 పారుతది, అప్పుడు పడుతది. 4కే మానిటర్ ఒక్కటే 12.8 అడుగుతది. పాత 1.2 లెక్కల 8.64 చాలక డాక్ దాన్ని 30 హెర్ట్జ్‌కు దించుతది. బొమ్మ వచ్చింది కదా అనుకుంటవు గాని మౌస్ బాణం ఈడ్చుకుంట నడుస్తది, సాయంత్రానికి కండ్లు గుంజుతయి. థండర్‌బోల్ట్ 4 కాల్వనే వేరు, 40 గిగాబిట్లది. రెండు 4కే మానిటర్లను 60 హెర్ట్జ్ మీద నడపాలన్నది దానికి పెట్టిన నియమం.

ఆఫీసోళ్లు రేపు మ్యాక్‌బుక్ ఇస్తే ఈ లెక్క మారుతది. ఒక తీగల రెండు బొమ్మలు పంపి డాక్ దగ్గర విడదీసే పద్ధతిని ఎంఎస్‌టీ అంటరు. విండోస్‌ల అది నడుస్తది, మ్యాక్‌ల నడవదు. మామూలు డాక్ పెడితే రెండు మానిటర్ల మీద ఒకే బొమ్మ కనిపిస్తది. పైగా మామూలు ఎం1, ఎం2 చిప్ ఉన్న మ్యాక్‌బుక్‌లకు బయటి మానిటర్ ఒక్కటే. ఎం3 అయితే మూత మూస్తే రెండు, ఎం4 అయితే మూత తెరిచి ఉన్నా రెండు. దీన్ని దాటనీకి డిస్‌ప్లేలింక్ చిప్ ఉన్న డాక్‌లు ఉన్నయి. అవి ప్రాసెసర్‌తోని బొమ్మను కుదించి, ఉత్త యూఎస్‌బీ డేటా లెక్క పంపుతయి. నీ లాప్‌టాప్ పోర్టుకు బొమ్మ పంపే సత్తా లేదని తేలినా నీకు ఇదే దారి. ఎక్సెల్, మెయిళ్లు, కోడింగ్ మంచిగ నడుస్తయి. వీడియో ఎడిటింగ్‌కు, ఆటలకు పనికిరాదు. ఓటీటీ సినిమా పెడితే కాపీ రక్షణ వల్ల తెర నల్లగ కావచ్చు, ముఖ్యంగ మ్యాక్‌ల. దానికి డ్రైవర్ ఎక్కించాలె, ఆఫీసు లాప్‌టాప్‌ల నీకు ఆ పర్మిషన్ ఉందో లేదో ఐటీ వాళ్లను ముందే అడుగు.

ఇగ కరెంటు. సగం ఫిర్యాదుల మూలం ఇక్కడే ఉంటది. నీ చార్జర్ అడుగున చిన్న అక్షరాలల్ల ఔట్‌పుట్ రాసి ఉంటది. 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అంటే 65 వాట్లు. డాక్ డబ్బా మీద '100 వాట్' అని పెద్దగ ఉంటే ఆ వంద లోపలికి వచ్చేదా, లాప్‌టాప్‌కు పోయేదా చూడు. సొంత అడాప్టర్ లేని చిన్న హబ్ అయితే నీ చార్జర్ నుంచి వచ్చినదాంట్ల 10, 15 వాట్లు తాను ఉంచుకొని మిగిలింది లాప్‌టాప్‌కు ఇస్తది. 65 వాట్ల చార్జర్‌నే దానికి పెడితే 'స్లో చార్జర్' అని హెచ్చరిక వస్తది, పని ఎక్కువైతే చార్జింగ్ పెట్టి ఉన్నా బ్యాటరీ దిగుతది. సొంత అడాప్టర్ ఉన్న డాక్ తీసుకో. లాప్‌టాప్‌కు 65 గాని అంతకంటె ఎక్కువ గాని ఇస్తదని దాని కాగితం మీద రాసి ఉండాలె. 180 వాట్ల గేమింగ్ లాప్‌టాప్ అయితే డాక్ చార్జింగ్ మీద ఆశ వదిలి దాని చార్జర్ దానికే పెట్టాలె.

కేబుల్ పొట్టిగ ఉందని ఫోన్ చార్జింగ్ కేబుల్ తెచ్చి పెడుతరు చాలామంది. అది చూడనీకి అట్లనే ఉంటది గాని లోపల బొమ్మ పారే తీగలే ఉండయి. డాక్‌తోని వచ్చిన కేబుల్‌నే వాడు. పోతే 10 గాని 40 గాని గిగాబిట్లని, 100 వాట్లని రాసి ఉన్నది, మీటరు లోపు పొడవుది కొను. మానిటర్ కేబుల్‌కు కూడ ఒక తిరకాసు ఉంది: డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ ఒక్క దిక్కే పనిచేస్తది. డాక్ దిక్కు డిస్‌ప్లేపోర్ట్, మానిటర్ దిక్కు హెచ్‌డీఎంఐ ఉండాలె. తిప్పి పెడితే బొమ్మ రాదు.

కరెంటు పోతే లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉందిగదా అని ధీమాగ ఉండకు. డాక్‌కు అరసెకను కరెంటు తప్పినా రెండు తెరలు నల్లబడి, నెట్ తెగి, తెరిచిన కిటికీలన్నీ లాప్‌టాప్ తెర మీద కుప్పపడ్తయి. మీటింగ్ నడిమిట్ల అట్ల అయితే ఎంత చికాకో నీకే తెలుసు. డాక్ అడాప్టర్, రెండు మానిటర్లు, రౌటర్, ఫైబర్ డబ్బా, ఈ ఐదూ ఒకే యూపీఎస్ మీద పెట్టు. మానిటర్లు తలా 25 వాట్లు, లాప్‌టాప్ 65, డాక్ 15, అంతా కలిసి 130 పైచిలుకు. 600 వీఏ యూపీఎస్ దాన్ని సులువుగ మోస్తది, కొత్త బ్యాటరీ పావుగంట ఆపుతది. ఇంట్ల ఇన్వర్టర్ ఉంటే దాని మీద 'యూపీఎస్ మోడ్' మీట ఉందేమో చూసి ఆ దిక్కు జరుపు. రెండో దిక్కు ఉంటే మారేటప్పుడు ఆలస్యమై డాక్ ఆరిపోతది.

లాప్‌టాప్ లోహపు మూత మీద చెయ్యి ఆనిస్తే చీమలు పాకినట్టు జుమ్ముమంటే అది సాకెట్‌ల ఎర్తింగ్ లేని లక్షణం. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మూడో పిన్ను చూపియ్యి. ఎండాకాలం ఎర్త్ గుంత ఎండిపోతది, దాంట్ల నాలుగు బకెట్ల నీళ్లు పోయించు. అదయ్యేదాక స్విచ్చులన్నీ బంద్ చేసినంకనే హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టు, తియ్యి.

మేడమీది గదిల మే నెల స్లాబు వేడి నీకు చెప్పేదేముంది. డాక్ వెచ్చగ ఉంటే సహజమే. చెయ్యి పెట్టలేనంత కాలితే మాత్రం మానిటర్లు మిణుకుమిణుకుమంటయి, నెట్ తెగుతది. దాన్ని గుడ్డ కిందనో లాప్‌టాప్ వెనక సందులనో దాచకు, గాలి తగిలేతట్టు బల్ల అంచున నిలబెట్టు.

బిగించే రోజు మొదట డాక్ లేకుండనే లాప్‌టాప్ బయోస్ (లాప్‌టాప్‌ను లేపే మూల సాఫ్ట్‌వేర్), గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేసుకో. తర్వాత డాక్ అడాప్టర్, మానిటర్లు, చివరికి లాప్‌టాప్ టైప్-సి. విండోస్ మీట పట్టుకొని పీ నొక్కి 'ఎక్స్‌టెండ్' ఎంచుకో. డిస్‌ప్లే సెట్టింగ్స్‌ల 'ఐడెంటిఫై' నొక్కితే తెరల మీద 1, 2, 3 అంకెలు వస్తయి, బల్ల మీద ఎట్లున్నయో అట్లనే వాటిని జరుపు. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేల ఒక్కోటి 60 హెర్ట్జ్ మీద ఉందో లేదో చూడు. మూత మూసి పనిచేస్తనంటే పవర్ ఆప్షన్స్‌ల మూత మూసినప్పుడు 'డూ నథింగ్' పెట్టు, లేకపోతే మూయంగనే పడుకుంటది.

ఒక తెర రాకపోతే రెండు మానిటర్ల కేబుళ్లు అటుదిటు మార్చు. తప్పు కేబుల్‌తోని పోయిందా, పోర్టు దగ్గరనే ఉండిపోయిందా తెలిసిపోతది. డాక్ మొత్తం మొద్దుబారితే లాప్‌టాప్ నుంచి, గోడ నుంచి రెండు దిక్కుల తీసి అరనిమిషం ఆగి పెట్టు. వైర్‌లెస్ మౌస్ తడబడితే దాని చిన్న రిసీవర్‌ను డాక్ నీలం పోర్టు నుంచి తీసి లాప్‌టాప్ అవతలి పక్క పెట్టు. యూఎస్‌బీ 3.0 నుంచి వచ్చే రొద మౌస్ వాడే 2.4 గిగాహెర్ట్జ్‌ల పడుతది. ఇంటెల్ 2012లనే ఈ సంగతి రాసిపెట్టింది, అయినా మౌస్ చెడిపోయిందని కొత్తది కొనేటోళ్లే ఎక్కువ.

టైప్-సి పోర్టు పక్కన ఉన్న గుర్తు ఫొటో ఒకటి, చార్జర్ అడుగున రాసింది ఒకటి, మానిటర్ల వెనక రంధ్రాలు కనిపించేది ఒకటి, ఈ మూడు ఫొటోలు వాట్సాప్‌ల పంపు. నేను చూసి చెప్పేదాక ఏదీ ఆర్డర్ పెట్టకు.

మీ మామ