కొట్టంలోని అంబాసిడర్‌ను లేపే ముందు

చిరంజీవి మనవడికి ఆశీస్సులు.

తాడిపత్రి ఇంటి వెనక కొట్టంలో ఉన్న అంబాసిడర్‌ను ఉగాదికి బయటికి తీయాలని రాశావు. కొత్త బ్యాటరీ పెట్టి నలుగురితో తోయిస్తే స్టార్ట్ అవుతుందని మీ మెకానిక్ అన్నాడట. ఆ పని మాత్రం చేయొద్దు నాయనా. ఇరవై ఏళ్లు కదలని ఇంజన్లో పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు తుప్పుతో అతుక్కుని ఉంటాయి. తోసి గేరు వేస్తే రింగు విరుగుతుంది, విరిగిన ముక్క గోడను పైనుంచి కిందికి గీరేస్తుంది. వాల్వు కాడలు గైడుల్లో బిగుసుకుని ఉంటే పుష్‌రాడ్లు వంగిపోతాయి. ఒక్క నిమిషం తోపుకు ఇంజను మొత్తం విప్పాల్సి వస్తుంది. ఉగాది అని తేదీ పెట్టుకోవద్దు. శని, ఆదివారాలు పనిచేస్తే మూడు నాలుగు నెలలు పడుతుందని లెక్క వేసుకో.

నువ్వు పంపిన ఫొటోల్లో చూశాను. అది మార్క్ 2. కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో తయారైన గళ్ల గ్రిల్లు బండి, 1489 సీసీ పెట్రోల్ ఇంజను, స్టీరింగ్ కింద గేరు కడ్డీ, డైనమో అన్నీ అలాగే ఉన్నాయి. మన సీమలో ఇలాంటి బండ్లకు చాలావాటికి మెటడార్ డీజిల్ ఇంజన్లు ఎక్కించేశారు. మీ తాత అలా చేయకుండా వదిలేయడం నీ అదృష్టం. కాబట్టి నేను చెప్పే మొదటి నియమం ఇది: నువ్వు చేసే ఏ మార్పైనా రేపు విప్పి వెనక్కి పెట్టగలిగేలా ఉండాలి. విప్పిన పాత సామాను చెత్తలో వేయొద్దు. డబ్బాలో పెట్టి, ఏది ఎక్కడిదో చీటీ రాసి దాచు.

ముందు కొట్టంలోని చెనిక్కాయల మూటలు వేరేచోటికి మార్పించు. అవి ఉన్నంతకాలం ఎలుకలు పోవు. ఎలుకల గూళ్లు ఎయిర్ క్లీనర్లో, సైలెన్సర్ గొట్టంలో, సీట్ల లోపల, డాష్‌బోర్డు వెనక ఉంటాయి. అన్నీ చేత్తో తీయాలి. ముక్కుకు గుడ్డ, చేతులకు గ్లౌజులు తప్పనిసరి. గూడు దొరికిన చోట కింద రేకును బాగా చూడు. మన గాలి పొడిది కాబట్టి కోస్తా బండ్లలా డోర్ల అడుగులు తినేసి ఉండవు గానీ, ఎలుకల మూత్రం పడిన చోట, మ్యాట్ల కింద, తుప్పు లోపలికి పోతుంది.

కింద పరిచినవి కడప బండలని చెప్పావు. జాకీ నేరుగా బండమీద పెట్టొద్దు, బరువు ఒక్క చోట పడితే బండ పగిలి జాకీ ఒరుగుతుంది. రెండంగుళాల మందం చెక్క వేసి దానిమీద పెట్టు. స్టాండ్లు లేకుండా ఒట్టి జాకీ మీద బండి కిందికి దూరొద్దు.

ఒక్క బోల్టు కూడా విప్పకముందే ప్రతి మూలా ఫొటో తీయి. పానాల సంగతి కూడా ఇప్పుడే చెప్తాను. ఈ బండి నట్లు అంగుళాల కొలతవి. అర అంగుళం నట్టు అంటే 12.7 మిల్లీమీటర్లు. మీ మెకానిక్ దగ్గర ఉండే 13 పానా దానికి వదులుగా కూర్చుని మూలలు గుండ్రం చేసేస్తుంది. 7/16, 1/2, 9/16 అంగుళాల రింగు పానాలు ఒక సెట్టు కొనుక్కో. బిగిసిన బోల్టుకు తుప్పు వదిలే నూనె పోసి ఒక రాత్రి వదిలేస్తే సగం గొడవ తీరిపోతుంది.

ఇక ఇంజను. నాలుగు ప్లగ్గులు విప్పి, ఏ సిలిండరుది ఏదో గుర్తుతో వరసలో పెట్టు. ఒకటి తడిగా, ఒకటి తుప్పుగా ఉంటే ఆ సిలిండరు కథ అదే చెబుతుంది. ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే ఎర్ర ఆయిలు), కిర్సనాయిలు సగం సగం కలిపి ఒక్కో సిలిండర్లో 15 మిల్లీలీటర్లు పోయి. మూడు రోజులు ఆగి మళ్లీ అంతే పోయి. వారం గడిచాక గేరు న్యూట్రల్లో పెట్టి, ప్లగ్గు రంధ్రాల మీద గుడ్డ కప్పి, ముందు నుంచి హ్యాండిల్ పెట్టి మెల్లగా తిప్పు. తిరగకపోతే హ్యాండిల్ మీద నిలబడి తొక్కొద్దు. మెల్లగా ఒత్తి, వదిలి, మళ్లీ ఒత్తు. రోజుకు కొంచెం కదిలినా అది గెలుపే. రెండు వారాలైనా కదలకపోతే హెడ్ విప్పడమే మంచిది. పగలగొట్టడం కంటే విప్పడం ఎప్పుడూ చవక.

తిరగడం మొదలయ్యాక టాపెట్ కవర్ తీసి, హ్యాండిల్ తిప్పుతూ ఎనిమిది వాల్వులూ కిందికి దిగి మళ్లీ పైకి లేస్తున్నాయా చూడు. దిగి అక్కడే ఉండిపోయిన వాల్వు కాడకు నూనె వేసి, చెక్క పిడితో మెల్లగా తట్టి వదిలించాలి. అన్నీ కదిలాక టాపెట్ గ్యాపులు (వాల్వు కాడకూ దాన్ని నొక్కే రాకరుకూ మధ్య సందు) పెట్టుకో. ఒక్కోదానికి 0.015 అంగుళం. దీనికి తొమ్మిది లెక్క ఉంది: ఎనిమిదో వాల్వు పూర్తిగా కిందికి నొక్కుకుని ఉన్నప్పుడు ఒకటోది సరిచేయాలి, ఏడోది నొక్కుకున్నప్పుడు రెండోది. రెండు అంకెలూ కలిపితే తొమ్మిది రావాలి.

పాత ఆయిలు దించి, కింది ఛాంబరు విప్పు. అడుగున నల్లటి బురద పేరుకుని ఉంటుంది. అది జాలీకి అడ్డుపడితే కొత్త ఆయిలు పోసినా బేరింగులకు అందదు. కడిగి, ఫిల్టరు, దాని రబ్బరు రింగు మార్చి, 20డబ్ల్యు 50 మినరల్ ఆయిలు నాలుగు లీటర్ల పైచిలుకు పోయి, డిప్ స్టిక్ చూసి గీతకు సరిచేసుకో. ఖరీదైన పల్చటి సింథటిక్ ఆయిలు ఈ ఇంజనుకు పనికిరాదు, పాత సీళ్ల దగ్గర కారుతుంది. ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్‌తో పది పది సెకన్లు తిప్పి, ఆయిలు గేజీ ముల్లు లేచేవరకూ, దీపం ఉంటే అది ఆరేవరకూ, స్టార్ట్ మాట ఎత్తొద్దు.

ఆ సెల్ఫ్ తిప్పడానికి బ్యాటరీ కావాలి కదా. దాన్ని తగిలించేముందు వైర్లు చూడాలి. ఎలుక కొరికిన చోట రాగి బయటపడి ఉంటుంది. వైరింగ్ మొత్తం పీకేసి కొత్తది వేస్తామంటారు, ఒప్పుకోవద్దు. పాత వైర్ల రంగులకు అర్థం ఉంది: బ్రౌన్ రంగుది బ్యాటరీ నుంచి వచ్చే మెయిను, తెల్లది ఇగ్నిషను, ఆకుపచ్చది ఫ్యూజు దాటి వెళ్లేది, ఎర్రది సైడ్ లైట్లు, నీలం హెడ్ లైట్లు, నల్లది ఎర్తు. కొరికిన ముక్క వరకే అదే రంగుతో అతికించు. బాడీకి కలిసే లావు కేబుల్ ప్లస్సుదా మైనస్సుదా చూసుకో. అప్పటి కొన్ని బండ్లకు ప్లస్సే బాడీకి ఉండేది. తిరగేసి పెడితే డైనమో, రెగ్యులేటరు పాడవుతాయి. మొదటిసారి బ్యాటరీకీ బండికీ మధ్య 21 వాట్ల బల్బు ఒకటి వరసలో పెట్టు. స్విచ్చులన్నీ ఆఫ్‌లో ఉండగా అది గట్టిగా వెలిగిందంటే ఎక్కడో షార్టు ఉన్నట్టే. వెలగకపోతే బల్బు తీసి బ్యాటరీ నేరుగా కలుపు. డైనమో ఇచ్చేది ఇరవై ఆంపియర్ల చిల్లర, దానికి 100 వాట్ల హాలోజన్లు తగిలించి, చాలలేదని ఆల్టర్నేటర్ పెట్టించుకోవద్దు. డెల్కో (ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు) పాయింట్లు శుభ్రం చేసి 0.015 అంగుళం, ప్లగ్గులు 0.025 పెట్టుకుంటే చాలు.

పెట్రోల్ ట్యాంకు దించి ఖాళీ చెయ్యి. పాత పెట్రోల్ జిగురై, వార్నిష్ వాసన వస్తుంది. లోపల తుప్పుంటే లీటరు నీళ్లకు 100 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి ఒక రోజంతా నింపి ఉంచి, వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టు. ఖాళీ ట్యాంకుకు వెల్డింగ్ పెట్టనివ్వొద్దు. లోపలి ఆవిరి బాంబులా పేలుతుంది. కార్బురేటర్ జెట్లలో తీగ పెట్టి గుచ్చొద్దు, రంధ్రం కొలత మారిపోతుంది. గాలి ఊదితే చాలు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది పాత రబ్బరును ఉబ్బించి మెత్తగా చేస్తుంది. పంపు డయాఫ్రము, గొట్టాలు ఇథనాల్‌ను తట్టుకునే రకానివే తీసుకో. నెలల తరబడి ట్యాంకులో పెట్రోల్ ఉంచొద్దు, ఇథనాల్ తేమను పీల్చుకుని అడుగున నీరు చేరుతుంది.

రేడియేటర్లో మన బోరు నీళ్లు పోయొద్దు. అనంతపురం బోరు నీళ్లకు పాత్రల్లోనే తెల్లపొర కడుతుంది, సన్నటి రేడియేటర్ గొట్టాల సంగతి చెప్పాలా. పాత నీళ్లు వదిలి, బ్లాక్ పక్కనున్న కుళాయి కూడా తెరువు. అక్కడ బురద గట్టిపడి ఒక్క చుక్కా రాకపోతే తీగతో కదపాలి. లేకపోతే వెనక సిలిండర్లు వేడెక్కుతాయి. తర్వాత డిస్టిల్డ్ వాటర్లో మూడో వంతు కూలెంటు పోయి. థర్మోస్టాటు పీకి పారేయమంటారు, వినొద్దు. రేడియేటర్ మూత కొత్తది కొన్నా పాతదాని మీద ముద్రించిన ఒత్తిడే ఉండాలి. కొత్త కార్ల మూత పెడితే పాత అతుకులు విడిపోతాయి.

బ్రేకుల దగ్గర నేను ఏ రాజీకీ ఒప్పుకోను. ఇంజను లోపం దారిలో ఆపుతుంది, బ్రేకు లోపం ప్రాణం తీస్తుంది. హ్యాండ్ బ్రేకు వేసి వదిలేసి ఉంటే వెనక లైనింగు డ్రమ్ముకు అతుక్కుని ఉంటుంది. అడ్జస్టరు వదులు చేసి, డ్రమ్ము చుట్టూ చెక్క సుత్తితో తట్టాలి, మంట పెట్టకూడదు. డ్రమ్ము ఊడొచ్చాక లోపలి దుమ్మును గాలితో ఊదొద్దు. ఆ కాలం లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ సంచిలో కట్టి పారెయ్. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీలుస్తుంది కాబట్టి వీల్ సిలిండర్ల లోపల తుప్పు గుంటలు పడి ఉంటాయి. గుంటల మీద కొత్త రబ్బరు కప్పులు వేస్తే నెలలో మళ్లీ కారుతుంది. సిలిండర్లను పారేయకుండా మంచి లేత్ షాపులో లోపల స్టెయిన్‌లెస్ స్లీవు వేయించు. బయటికి అసలుదే కనిపిస్తుంది, లోపల కొత్తదానితో సమానం. రబ్బరు హోసులు చూడ్డానికి బాగున్నా అన్నీ మార్చు, లోపల వాచి దారి మూసుకుపోతాయి. మాస్టర్ సిలిండరుకు దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రం నుంచి గాలి తీయడం మొదలుపెట్టు. టైర్లు 5.90-15. గీట్లు పడిన పాతవాటి మీద ఊరి వీధి కూడా దాటొద్దు. ముందు సస్పెన్షన్ నిప్పిళ్లన్నిటికీ పాత గ్రీజు బయటికి వచ్చేవరకూ కొత్తది ఎక్కించు.

రంగు మాట చివర రాస్తున్నానని తక్కువనుకోవద్దు. టింకరింగ్ చేయించి మెరిసే రంగు కొట్టించమని అందరూ అంటారు. కొత్త రంగు ఎప్పుడైనా వేయించుకోవచ్చు. ఫ్యాక్టరీలో పడిన రంగు ఒకసారి గీకేస్తే మళ్లీ ఇచ్చే షాపు ఎక్కడా లేదు. నీళ్లు, మెత్తని షాంపూతో చేత్తో కడిగి, డిక్కీ లోపల కనపడని చోట సన్న కాంపౌండుతో రుద్ది చూడు. రంగు నిలబడితే మిగతాదంతా చేత్తోనే రుద్ది మైనం పట్టించు. మెషిను పెడితే అంచుల దగ్గర రేకు బయటపడుతుంది. తుప్పు తేలిన చోట్లకే ప్రైమరు. సీటు రెగ్జిను కుట్లు విడితే కుట్టించు, లోపలి స్ప్రింగులు, కొబ్బరి పీచు తీసి ఫోము పెట్టనివ్వొద్దు.

దీనికి చట్టంలో కూడా లాభం ఉంది. 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నియమాలకు చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చని సొంత వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. పాత రిజిస్ట్రేషన్ ఉన్న బండి తన పాత నంబరే ఉంచుకోవచ్చు. అలా నమోదైన బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తీయొచ్చు. అందుకే మీ తాత సీ బుక్కు (బండి రిజిస్ట్రేషన్ పుస్తకం) ఇంట్లో ఏ పెట్టెలో ఉందో ఇవాళే వెతుకు. దానిమీది ఇంజను, చాసిస్ నంబర్లు బండిమీద వాటితో కలుస్తున్నాయా సరిచూడు.

స్టార్ట్ చేసే రోజు బండిని కొట్టంలోంచి బయటికి తోయించు, లోపల పొగ ప్రాణం మీదికి తెస్తుంది. ట్యాంకు కలపకుండా ఒక లీటరు డబ్బాతో పెట్రోల్ ఇవ్వు. పక్కన మంటలార్పే సిలిండరు ఉండాలి. మొదటి ఐదు పది నిమిషాలు తెల్లపొగ దట్టంగా వస్తుంది, సిలిండర్లలో పోసిన నూనె అది, భయపడొద్దు. ఆయిలు ప్రెషరు లేకపోతే మాత్రం ఆ క్షణమే ఆపు. ఇరవై నిమిషాలు నడిపి, చల్లారాక టాపెట్లు మళ్లీ చూడు. మొదటి వారం ఇంటి చుట్టూ రెండు మూడు కిలోమీటర్లే తిప్పి, ఆగిన ప్రతిసారీ నాలుగు డ్రమ్ములనూ చేత్తో తాకు. ఒకటి మిగతావాటికంటే వేడిగా ఉంటే ఆ చక్రం బ్రేకు పట్టేస్తోంది. 300 కిలోమీటర్లకు ఆయిలు మార్చు. దించిన ఆయిల్లో లోహం మెరుపు కనిపిస్తే ఒక సీసాలో పట్టి నాకు పంపు, చూసి చెప్తాను.

ఇట్లు,
మీ చిన్నతాత,
అనంతపురం