షెవ్‌చెంకో ‘ఫిరాయించాడు’ అనవచ్చా?

సందేహం: ఐక్యరాజ్యసమితిలో పెద్ద పదవిలో ఉంటూ 1978లో అమెరికాను ఆశ్రయించిన సోవియట్ దౌత్యవేత్త అర్కాది షెవ్‌చెంకో మీద వ్యాసం రాస్తున్నాను. ‘అమెరికాలోకి ఫిరాయించాడు’ అని రాస్తే, అది పార్టీలు మారే ఎమ్మెల్యేల మాటలా ఉందని మిత్రుడు అభ్యంతరం చెప్పాడు. ‘పారిపోయాడు’ అనాలా, ‘కాందిశీకుడు’ అనాలా?

సమాధానం: ‘ఫిరాయించాడు’ అనే రాయండి. హిందుస్తానీ నుంచి వచ్చిన ఈ మాటకు తిప్పడం అని అర్థం. మాట మార్చినవాణ్ణి ‘ప్లేటు ఫిరాయించాడు’ అంటాం కదా! 1985లో పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక పేపర్లలో ఎమ్మెల్యేల పక్కనే ఎక్కువగా కనబడుతోంది, అంతే.

అయితే ‘లోకి’ తీసేయండి. పార్టీ పేరు పక్కన అది చెల్లుతుంది గానీ, దేశం పేరు పక్కన సరిహద్దు దాటినట్టు వినిపిస్తుంది. షెవ్‌చెంకో దాటిన సరిహద్దేదీ లేదు. విదేశాంగ మంత్రి గ్రొమికోకు సలహాదారుగా పనిచేసి, 1973లో సమితి అండర్ సెక్రటరీ జనరల్ అయ్యాడు. అప్పటినుంచీ ఉన్నది న్యూయార్క్‌లోనే. 1978 మార్చి చివర్లో సంప్రదింపులకు మాస్కో రమ్మని కబురొచ్చింది. టెన్షన్ పట్టుకుంది. ఏప్రిల్‌లో ఓ రాత్రి భార్యకు చెప్పకుండా ఫ్లాట్ నుంచి దిగి అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ వాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు. మారింది పక్షం, ఊరు కాదు. ‘అమెరికా పక్షానికి ఫిరాయించాడు’ అంటే సరిపోతుంది.

‘కాందిశీకుడు’ మాత్రం కుదరదు. ‘ఏ దిక్కుకు పోను’ అంటూ భయంతో పరుగెత్తేవాడని ఆ సంస్కృత పదానికి పెద్దలు చెప్పే వ్యుత్పత్తి. దేశవిభజనలో ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్లకు అది అతికింది. ఇతనికి దిక్కు ముందే తెలుసు. అప్పటికే రెండేళ్లకు పైగా సీఐఏకు రహస్యాలు అందిస్తున్నాడు. ‘పారిపోయాడు’ తప్పు కాదు గానీ, ఆ రెండేళ్ల సంగతి అందులో మరుగున పడుతుంది.

మీరు అడగలేదు గానీ, ‘దేశద్రోహి’ అని రాయాల్సి వస్తే ‘సోవియట్ ప్రభుత్వం దృష్టిలో’ అని తప్పక చేర్చండి. అక్కడి కోర్టు అతను లేకుండానే మరణశిక్ష వేసింది. విభీషణుణ్ణి శరణాగతుడన్నదీ మనమే, ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అన్నదీ మనమే. ఎవరి తరఫున మాట్లాడుతున్నామో పాఠకుడికి తెలియాలి.

ఇంకొకటి. ‘ఫిరాయించి కుటుంబానికి దూరమయ్యాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. మాస్కో చేరిన అతని భార్య ఆ మే నెలలోనే చనిపోయింది, అధికారులు ఆత్మహత్య అన్నారు. ఆమెకు విడిగా ఒక వాక్యం రాయండి.