లోపల టెన్షన్ ఉన్నా మనకి తెలియకపోవచ్చా? శ్వాస గమనిస్తే నిజంగా తగ్గుతుందా?

తెలియకపోవచ్చు. నాకున్న టెన్షన్‌ని ముందుగా కనిపెట్టింది పళ్ళ డాక్టరు.

మాది మదనపల్లె. బెంగళూరు వచ్చి పదకొండేళ్ళయింది, మారతహళ్ళిలో ఉంటున్నాను. పోయినేడాది కుడివైపు దవడ పన్ను అంచు విరిగింది. అది కూడా పెరుగన్నం తింటుంటే! డాక్టరమ్మ కన్నడావిడ, తెలుగు బాగానే మాట్లాడుతుంది. నోట్లో చిన్న అద్దం పెట్టి చూసి, "రాత్రి నిద్రలో పళ్ళు కొరుకుతారా?" అంది. లేదన్నాను. "టెన్షన్ జాస్తినా?" అంది. నవ్వొచ్చింది నాకు. ఆఫీసులో నేను కూల్ అని పేరు, ఎవరి మీదా గొంతు పెంచను, పడుకున్న ఐదు నిమిషాల్లో నిద్రపోతాను. అదే చెప్పాను. ఆవిడ వాదించలేదు. "సరే, ముందు ఆ కుర్చీ వదలండి" అంది. చూసుకుంటే రెండు చేతులతో కుర్చీని పట్టుకుని ఉన్నాను, వేళ్ళు తెల్లబడేంత గట్టిగా. అప్పటికింకా ఆవిడ సూది కూడా బయటికి తియ్యలేదు.

తర్వాత అద్దం నా చేతికిచ్చింది. పళ్ళ అంచులు అరిగి చదునైపోయాయి. "ఊరికే నోరు మూసుకుని కూర్చున్నప్పుడు పై పళ్ళు కింది పళ్ళకి తగులుతాయా?" అని అడిగింది. తగులుతాయి కదా మరి అన్నాను. తగలకూడదట! పెదాలు కలిసుండాలి, పళ్ళ మధ్య కాస్త సందుండాలి. నమలడానికీ మింగడానికీ తప్ప అవి కలవాల్సిన పనే లేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు. ఇది చదువుతూ మీరూ ఒకసారి చూసుకోండి.

పంటి బిగువున భరించడం అంటే ఏదో మాటవరసకి అంటారనుకునేవాణ్ణి. నేనక్షరాలా అదే చేస్తున్నాను, రాత్రి కూడా. అమ్మకి ఫోన్ చేసి చెబితే, "కడుపులో నులిపురుగులుంటాయి రా, మాత్ర వేసుకో" అంది.

ఇక శ్వాస సంగతి. దవడని గమనించడం మొదలుపెట్టాక నాలుగైదు రోజులకి, 500డి బస్సులో సిల్క్ బోర్డు వైపు వెళ్తున్నాను. వెళ్తున్నాను అంటే నిలబడి ఉన్నాం, బస్సూ నేనూ. ఫోన్లో మేనేజర్ మెసేజ్: "ఒక్క నిమిషం మాట్లాడొచ్చా?" జవాబు టైపు చేస్తుంటే తెలిసింది, నేను ఊపిరి బిగబట్టి ఉన్నానని. పంపించాక పెద్ద నిట్టూర్పు వచ్చింది. మళ్ళీ మెసేజ్, మళ్ళీ బిగబట్టడం. రోజుకి ఎన్ని మెసేజీలో లెక్కేసుకుంటే భయమేసింది. ఇది నా ఒక్కడి జబ్బు కాదులెండి, లిండా స్టోన్ అనే ఆవిడ 2008లోనే దీనికి ఈమెయిల్ ఆప్నియా అని పేరు పెట్టింది. ఆప్నియా అంటే ఊపిరి ఆగడం.

మా ఆఫీసులో కూడా ఒకసారి శ్వాస క్లాసు పెట్టారు. హాజరు తప్పనిసరి. గంటసేపు కళ్ళు మూసుకుని, ఆ గంట పనిని రాత్రి పదింటిదాకా చేశాం. చేతి గడియారాలు ఇంకో రకం, "ఊపిరి పీల్చుకోండి" అని మోగుతాయి. టెన్షన్‌కి ఇంకో నోటిఫికేషన్!

నాకు అన్నిటికంటే ఒళ్ళు మండేది "డీప్ బ్రీత్ తీసుకో" అనే సలహా. నేనూ మొదట అదే చేశాను. గబగబా గట్టిగా పీలిస్తే తల తిరిగింది, వేళ్ళు తిమ్మిరెక్కాయి. అలా పీల్చి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, తిమ్మిరి అందుకే. అసలు కిటుకు వదలడంలో ఉంది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నెమ్మదిగా ఊపిరి తీసి వదలండి. పీల్చేటప్పుడు కొట్టుకోవడం కాస్త జోరవుతుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. గుండెకి కళ్ళెం వేసే వేగస్ అనే నరం పని అది. అందుకే నేను ముక్కుతో నాలుగంకెలు పీల్చి, ఆరంకెలు వదులుతాను. అంకెకో సెకను లెక్కన నిమిషానికి ఆరు శ్వాసలు. మామూలుగా పెద్దవాళ్ళకి పన్నెండు నుంచి ఇరవై దాకా ఉంటాయి. ఐదు నిమిషాలు చాలు, భుజాలు వాటంతటవే కిందికి దిగుతాయి. అవి పైకెక్కి ఉన్నాయని కూడా దిగాకే తెలుస్తుంది.

మనకిది కొత్తా? ఇంటిపని అయ్యాక గడప మీద కూలబడి ఆడవాళ్ళు "హమ్మయ్య" అంటారు చూడండి, ఆ మాటే ఒక పొడుగాటి నిశ్వాస. ఒకసారి నెమ్మదిగా అని చూడండి. నన్నడిగితే ఆఫీసు క్లాసులో ఇదొక్కటి నేర్పితే సరిపోయేది.

అన్నట్టు, ఛాతీలో నొప్పి వస్తే అంకెలు లెక్కపెడుతూ కూర్చోకండి, ఆసుపత్రికి పరిగెత్తండి. వారాల తరబడి నిద్ర లేకపోయినా, మనసు మరీ కుంగిపోయినా 14416కి ఫోన్ చెయ్యండి. టెలి మానస్, ప్రభుత్వానిదే, తెలుగులోనూ మాట్లాడతారు.

పంటికి తొడుగు వేయించుకున్నాను. పళ్ళు ఒకదానికొకటి రాసుకోకుండా రాత్రి నోట్లో పెట్టుకోవడానికి నైట్ గార్డ్ కూడా ఇచ్చారు. మొన్న చూపించుకుంటే కొత్తగా అరుగుదల లేదంది డాక్టరమ్మ. శ్వాస వల్లే అంటాను నేను, నైట్ గార్డ్ వల్ల అంటుంది ఆవిడ. మా అమ్మ మాత్రం నులిపురుగుల మాత్ర పనిచేసిందని ఊరంతా చెప్పుకుంటోంది.