మొదటి ఎర్రర్ పంపు, చివరిది కాదు

అమ్మడూ,

నీ స్క్రీన్‌షాట్ చూశాను. లైనక్స్‌లో చక్కగా నడిచే సీ++ ప్రోగ్రామ్ విండోస్‌లో బిల్డ్ చేసేటప్పుడు, అంటే కోడ్‌ని నడిచే ఫైల్‌గా మార్చేటప్పుడు, రెండొందల ఎర్రర్లు చూపిస్తే ఎవరికైనా టెన్షనే. కానీ నువ్వు పంపింది లాగ్‌లో, అంటే బిల్డ్ సందేశాల జాబితాలో, ఆఖరి పేజీ. ఒక్క హెడర్ (చాలా ఫైళ్లు కలిపి వాడుకునే డిక్లరేషన్ల ఫైల్) దొరక్కపోయినా దాని మీద ఆధారపడ్డ ఫైళ్లన్నీ వరసగా మొరాయిస్తాయి. అసలు సంగతి పైన, మొదటి ఎర్రర్‌లో ఉంటుంది. కంగారులో అక్కడక్కడా మార్చేసిన లైన్లన్నీ గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) వెనక్కి తీసేయి. బిల్డ్ ఫోల్డర్ మొత్తం చెరిపెయ్. బిల్డ్‌ని సిద్ధం చేసే టూల్ సీమేక్. అది పాత కంపైలర్‌నీ (కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే ప్రోగ్రామ్), పాత దారుల్నీ తన క్యాష్ ఫైల్‌లో గుర్తుపెట్టుకుంటుంది, నువ్వు ఎన్ని మార్చినా వాటినే పట్టుకుని కూర్చుంటుంది. ఇప్పుడు ఒకే జాబ్‌తో (ఒకసారికి ఒక్క పనే), వెర్బోస్ పెట్టి (ప్రతి కమాండూ కనిపించేలా) బిల్డ్ చేసి, లాగ్‌ని ఫైల్‌లో దాచి పైనుంచి చదువు.

ఆ ఎర్రర్ కంపైలర్‌దా, లింకర్‌దా (కంపైలైన ముక్కల్ని కలిపి ఒక్క ప్రోగ్రామ్ చేసేది) అన్నది ముందు తేల్చుకో. మైక్రోసాఫ్ట్ కంపైలర్ విజువల్ సీ++లో 'ఎల్ఎన్‌కే'తో మొదలైతే లింకర్‌ది. నీ సొంత లైబ్రరీలోని ఫంక్షన్లకే ఎల్ఎన్‌కే2019 (వాడిన ఫంక్షన్ ఎక్కడుందో దొరకలేదన్న ఎర్రర్) వస్తోందంటే వాటిని ఎక్స్‌పోర్ట్ చేయలేదేమో చూడు. లైనక్స్‌లో మామూలుగా అన్నీ బయటికి కనిపిస్తాయి, విండోస్ డీఎల్ఎల్‌లో (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు వాడుకునే లైబ్రరీ ఫైల్) ఏవి కనిపించాలో మనమే చెప్పాలి. కంపైలర్ మిన్, మ్యాక్స్ దగ్గర వింత సింటాక్స్ ఎర్రర్ ఇస్తే అది విండోస్ హెడర్‌లోని మాక్రోల (పేరు కనిపించిన చోటల్లా వేరే కోడ్ పెట్టేసేవి) పని. నోమిన్‌మ్యాక్స్ డిఫైన్ చేస్తే పోతుంది.

నువ్వు తెలుగు మాటలు నేరుగా సోర్స్‌లో రాశావు కదా, విజువల్ సీ++కి '/యూటీఎఫ్-8' ఆప్షన్ ఇవ్వడం మర్చిపోకు. అది లేకపోతే మన అక్షరాలు పిచ్చిగీతలైపోతాయి. ఇంకొకటి, ఏ ఎర్రరూ ఇవ్వకుండా దెబ్బతీసేది 'లాంగ్' అనే పూర్ణాంకాల టైప్. 64 బిట్ లైనక్స్‌లో అది 8 బైట్లు, విండోస్‌లో 4. ఫైల్‌లో రాసే అంకెలకు ఎక్కడైనా ఒకే సైజు ఉండే ఇంట్64_టీ వాడు.

మ్యాక్ దగ్గర నేను రెండు రోజులు పోగొట్టుకున్నాను. కొత్త ఎం1 (యాపిల్ సొంత చిప్, ఆర్మ్64 రకం) మెషీన్‌లో 'ఆర్మ్64కి సింబల్స్ (ఫంక్షన్ల పేర్లు) దొరకలేదు' అంటుంటే లింక్ ఫ్లాగులు అటూ ఇటూ మార్చుతూ కూర్చున్నా. దానికి నాలుగు లైన్ల పైనే ఒక వార్నింగ్ ఉంది: 'ఈ ఫైల్‌ని వదిలేస్తున్నాను, ఇది ఎక్స్86_64ది' (అంటే ఇంటెల్ రకం ప్రాసెసర్‌ది) అని. ఎర్రర్ కాదు కదా అని చదవలేదు. పాత మ్యాక్ నుంచి సరుకంతా కొత్తదానికి మార్చినప్పుడు ఇంటెల్ హోంబ్రూ (మ్యాక్‌లో లైబ్రరీలు ఇన్‌స్టాల్ చేసే టూల్) లైబ్రరీలు /యూఎస్ఆర్/లోకల్‌లో అలాగే ఉండిపోయాయి. యాపిల్ చిప్‌వి /ఆప్ట్/హోంబ్రూలో ఉంటాయి. లైబ్రరీ మీద 'ఫైల్' కమాండ్ కొడితే ఏ ప్రాసెసర్‌దో ఒక్క క్షణంలో చెప్పేస్తుంది. నువ్వెప్పుడైనా మ్యాక్‌లో ఇలాంటి ఎర్రర్ చూస్తే ఆ కమాండ్‌తోనే మొదలుపెట్టు.

బిల్డ్ పూర్తయ్యాక కంపైలర్ లేని వేరే కంప్యూటర్‌లో నడిపి చూడు. నీ మెషీన్‌లో ఉన్న డీఎల్ఎల్‌లు అక్కడ ఉండవు.

లాగ్ ఫైల్ మొత్తం పంపు, కత్తిరించకుండా. ఆదివారం పొద్దున ఫోన్ చేస్తా.

మీ మావయ్య